ఎంసీబీ పడలేదు, అమ్మకు షాక్ కొట్టింది

పోయిన పెద్దపండక్కి ఊరెళ్లినప్పుడు, మోటారు దగ్గర కుళాయి తిప్పడానికి అమ్మ చేతికి పొడిగుడ్డ చుట్టుకోవడం చూశాను. చెయ్యి కాలిందేమో అనుకున్నాను.

"ఏటమ్మా, చేతికేటయింది?"

"ఏటీ అవలేదే. వట్టి చేత్తో పట్టుకుంటే జివ్వుమంటంది. పది రోజులబట్టి ఇలాగే ఉంది. గుడ్డతో తిప్పితే ఏటీ అవదు."

పది రోజులు! రోజూ పొద్దున్నే తడి గచ్చు మీద నిలబడి, కరెంటు ఉన్న కుళాయిని గుడ్డతో తిప్పుతోంది. కాళ్లకు రబ్బరు చెప్పులుండటం, గుడ్డ పొడిగా ఉండటం, ఈ రెండే ఆమెను కాపాడాయి. వెంటనే మోటారు స్విచ్ కట్టేసి, మెయిన్ కూడా దించేశాను. నాన్న మాత్రం "బోర్డులో ఎంసీబీ ఉంది కదా, నిజంగా కరెంటు లీకైతే అదే పడిపోద్ది" అన్నారు. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్. నేనూ అప్పటిదాకా అలాగే నమ్మాను. ఆ నమ్మకం ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ నెలలో జరిగినదే ఇక్కడ రాస్తున్నాను.

మాది సోంపేట దగ్గర ఊరు. ఉద్దానం. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. కరెంటు పని నాకు రాదు. మాకు చిన్నాన్న వరసయ్యే ఒకాయన రైల్వేలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యారు, పలాసలో ఉంటారు. ఆయనకు ఫోన్ చేస్తే మర్నాడే సంచి పట్టుకుని వచ్చారు. సంచిలో మల్టీమీటరు, తీగలో పారే కరెంటు కొలిచే టాంగ్ టెస్టరు, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు, ఎర్త్ టెస్టరు ఉన్నాయి. మా ఇంటికి అంతకుముందు వచ్చిన వాళ్లెవరి చేతిలోనూ స్క్రూడ్రైవర్ టెస్టరు తప్ప ఇంకొకటి చూడలేదు నేను.

అందరినీ దూరంగా నిలబెట్టి, మోటారుకు ఒక్క నిమిషం కరెంటిచ్చి, కుళాయికీ పక్కన తడి మట్టిలో గుచ్చిన ఊచకీ మధ్య మీటరు పెట్టారు. 160 వోల్టుల పైన చూపించింది. మోటారు సీలు పోయి వైండింగులోకి నీరు చేరింది. దాంతో ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, మోటారు ఒంటికి తగిలింది. సక్షన్ పైపు పీవీసీయే అయినా, పైన జీఐ ముక్క, దానికి ఇత్తడి కుళాయి ఉన్నాయి. మోటారు ఒంట్లోని కరెంటు వాటి గుండా అమ్మ చేతి దాకా వచ్చింది.

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదు చిన్నాన్నా?"

"అది పడాలంటే దానికి బోలెడు కరెంటు పారాలమ్మా. ఇక్కడ కరెంటు ఎటు పారుద్ది? దారి లేదు కదా. దారి మీ అమ్మే."

లీకైన కరెంటుకు భూమిలోకి దారి చూపాల్సింది ఎర్త్ వైరు. అప్పుడు దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాం. 1998లో ఇల్లు కట్టినప్పుడు కొబ్బరిచెట్టు పక్కన ఎర్త్ పైపు పాతారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఆ చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది. వేళ్లతో పాటు ఎర్త్ వైరు కూడా తెగింది. ఆ రోజుల్లో ఊరంతా చీకటి, స్తంభాలన్నీ నేలమీదే. చాలా రోజులకు కరెంటొచ్చినప్పుడు లైటు వెలిగిందా, ఫ్యాను తిరిగిందా అనే చూసుకున్నాం. ఎర్త్ లేకపోయినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. అందుకే అది తెగిపోయిందని ఇన్నేళ్లు ఎవరికీ తెలియలేదు. ఆ తుఫాను దెబ్బ తిన్న ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఎన్ని ఉన్నాయో అని అప్పటినుంచీ నాకు బెంగగానే ఉంది.

చిన్నాన్న ఎలాగూ వచ్చారని బోర్డు కూడా విప్పించాం. అక్కడ ఇంకో భయం బయటపడింది.

మా ఇంట్లో మొదట పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులుండేవి. తుఫాను తర్వాత ఫ్యూజు వైరు దొరక్క, నాన్న కేబుల్లోంచి పోగులు తీసి మెలేసి కట్టేవారు. తర్వాత వాటిని తీసేసి ఎంసీబీలు పెట్టించాం. నాన్నకు ఎండ పడటం లేదని నేను ఏసీ కొన్నప్పుడు, కొత్త లైను లాగకుండా మేడగదిలోని పాత ప్లగ్గు లైనుకే దాన్ని కలిపారు. ఆ లైను 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. పది ఆంపియర్ల ఎంసీబీ ఉండేది. ఏసీ, దాంతో పాటు ఇస్త్రీపెట్టె వేస్తే పడిపోయేది. మాటిమాటికీ పడుతోందని పిలిస్తే, వచ్చినాయన దాన్ని తీసి ముప్ఫై రెండు ఆంపియర్లది బిగించి "ఇంక పడదండి" అన్నారు. నిజంగానే మళ్లీ పడలేదు. మేం సంతోషించాం కూడా.

చిన్నాన్న ఆ బాక్సు మూత తీసి నన్ను దగ్గరకు పిలిచారు. వైరు మీది ప్లాస్టిక్ ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ఆ గదిలో అప్పుడప్పుడూ కమురు వాసన వస్తోందని అమ్మ అంటుండేది. దోమల చక్రం వాసనేమో అనుకుని ఊరుకున్నాం.

ఆయన నాకు చెప్పింది నేను నోట్సులో రాసుకున్నాను. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, ఫ్రిజ్జునీ కాదు, గోడలో ఉన్న వైరుని. గోడలో పైపులో ఉన్న 1.5 వైరు దాదాపు 14, 15 ఆంపియర్లు మోయగలదు. మా ఏసీ ఎనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. ఇంకో ప్లగ్గులో రెండు వేల వాట్ల ఇండక్షన్ స్టవ్ పెడితే, 2000ని 230తో భాగిస్తే, ఇంకో 8.7. మొత్తం పదహారు దాటింది. వైరు వేడెక్కుతుంది. కానీ ముప్ఫై రెండు ఆంపియర్ల ఎంసీబీకి ఇది సగం లోడే. అసలు ఎంసీబీ తన మీద రాసిన అంకె దాటగానే పడిపోదు. ఆ అంకెకు 1.13 రెట్ల దాకా గంటసేపైనా పడకూడదు, 1.45 రెట్లకు మాత్రం గంటలోపు పడి తీరాలి. ఆ లెక్కన మా ముప్ఫై రెండుది ముప్ఫై ఆరు ఆంపియర్ల దాకా కదలదు. ఈలోగా ఆ వైరు గోడలోనే ఉడికిపోతుంది.

లోపల రెండు ఏర్పాట్లుంటాయట. ఓవర్‌లోడుకు ఒక ద్విలోహపు పట్టీ. వేడికి మెల్లగా వంగుతుంది కాబట్టి కాస్త ఎక్కువ లోడుకు నిమిషాలు పడుతుంది, బాగా ఎక్కువైతే సెకన్లు. షార్ట్ సర్క్యూట్‌కు ఒక తీగచుట్ట. పెద్ద కరెంటు పారగానే అది అయస్కాంతంలా లాగి, రెప్పపాటులో విడగొడుతుంది. ఎంసీబీ మీద సీ16 అని రాసి ఉంటే, ఆ తీగచుట్ట పని చేయడానికి పదహారుకు ఐదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. బీ రకానికి మూడు నుంచి ఐదు రెట్లు చాలు. మోటారు, ఏసీ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి కాబట్టి వాటికి సీ రకం వేస్తారు.

ఇంకొక మాట కూడా చెప్పారు. స్విచ్‌బోర్డులో స్క్రూ వదులై మాడిపోతుంటే ఏ ఎంసీబీకీ తెలియదు. అక్కడ పారేది మామూలు కరెంటే, వేడి మాత్రం ఆ స్క్రూ దగ్గర. ఆ రోజే అన్ని బోర్డుల్లో స్క్రూలు బిగించారు. రెండు ప్లగ్గులు నల్లబడి ఉంటే మార్చారు.

ఇక ఎర్త్. తెగిన వైరును పాత పైపుకు కలిపి, ఎర్త్ టెస్టరుతో కొలిచారు. పైపుకు దూరంగా వరసలో రెండు చిన్న ఊచలు గుచ్చి కొలుస్తారు. 85 ఓమ్‌లు వచ్చింది. ఓమ్ అంటే కరెంటుకు అడ్డు (రెసిస్టెన్స్) ఎంతో చెప్పే కొలత, ఎర్త్‌కు అది ఎంత తక్కువైతే అంత మంచిది. మాది ఇసక నేల, పైన అంతా పొడి, ఆ పైపు కూడా తుప్పు పట్టిపోయింది. కొత్త గొయ్యి తవ్వించాం. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా, పైన నీళ్లు పోయడానికి గరాటు, సిమెంటు మూత. కూలీలు, సామాను కలిపి ఒక రోజు పని. తడి బాగా పట్టాక వారానికి కొలిస్తే 14 ఓమ్‌లు.

నేను ఇంక భయం లేదనుకున్నాను. చిన్నాన్న కాగితం తీసుకుని 230ని 14తో భాగించమన్నారు. 16.4 వచ్చింది.

"ఫేజు మోటారు ఒంటికి పూర్తిగా తగిలినా, ఈ ఎర్త్‌లో పారేది పదహారు ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ కూడా కలిపి లెక్కేస్తే ఇంకా తక్కువ. మీ మోటారు ఎంసీబీ పదహారుది. పడుద్దా?"

పడదు. ఆయన చెప్పిన 1.13 రెట్ల లెక్కన పద్దెనిమిది దాకా పడదు కదా. ఎంసీబీ వెంటనే పడాలంటే 160 ఆంపియర్లు పారాలి. దానికి దారి మొత్తం రెసిస్టెన్స్ ఒకటిన్నర ఓమ్ లోపు ఉండాలి. ఇసక నేలలో ఒక పైపు పాతి అది సాధించడం కుదిరే పని కాదు. మా ఇంటికి స్తంభం నుంచి వచ్చేవి రెండే తీగలు, కరెంటు వచ్చే ఫేజు, తిరిగి వెళ్లే న్యూట్రల్. ఎర్త్ మన పెరట్లోదే. ఫేజూ న్యూట్రలూ కలిసిపోతే వందల ఆంపియర్లు పారి ఎంసీబీ టప్పున పడుతుంది. అదే ఫేజు ఇనుప ఒంటికి తగిలి ఎర్త్‌లోకి వెళ్తే, ఆ కరెంటు మట్టి గుండా తిరిగి వెళ్లాలి. అది మనిషికి ప్రాణాంతకం, ఎంసీబీకి మాత్రం మామూలు లోడుతో సమానం. నాన్నకు నేను ఈ లెక్క రెండుసార్లు చేసి చూపించాను.

ఈ ఖాళీని పూరించేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని మాత్రమే అది చూస్తుంది. తేడా వచ్చిందంటే ఆ తేడా ఎక్కడో మట్టిలోకో, మనిషిలోకో పోతున్నట్టే. ఇళ్లలో మనుషుల రక్షణకు వేసేది 30 మిల్లీ ఆంపియర్లది. అంటే ఒక ఆంపియరును వంద భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు. ఆ తేడాకు 0.3 సెకనులోపు, ఐదు రెట్ల తేడాకు 0.04 సెకనులోపు విడగొట్టాలి. మా 14 ఓమ్‌ల ఎర్త్‌కు 30 మిల్లీ ఆంపియర్లు పారినప్పుడు మోటారు ఒంటి మీద ఉండే వోల్టేజీ అర వోల్టు కూడా కాదు. పాత 85 ఓమ్‌ల పైపుతో లెక్కేసినా రెండున్నర వోల్టులే. అలాగని ఎర్త్ అక్కర్లేదని కాదు. ఎర్త్ ఉంటే మోటారు పాడైన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాకే పడుతుంది.

కాశీబుగ్గలో కొన్నాం. ఐఎస్ఐ మార్కు చూసి, నలభై ఆంపియర్లవి రెండు. ఒకటి లైట్లు, ఫ్యాన్లకు. రెండోది మోటారు, గీజరు, వాషింగ్ మెషిన్, ఏసీ, వంటగది ప్లగ్గులకు. ఒక్కటే పెడితే ఎక్కడ లీకైనా ఇల్లంతా చీకటవుతుంది. రెండోదానికి ‘టైప్ A’ అని ఉన్న ఆర్‌సీసీబీ తీసుకోమన్నారు, ఎందుకంటే ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మెషిన్లలో ఎలక్ట్రానిక్స్ వల్ల లీకేజీ రూపం మారుతుందట, మామూలు ‘టైప్ AC’ ఆర్‌సీసీబీ దాన్ని సరిగా పట్టకపోవచ్చు. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు కాబట్టి ఎంసీబీలు ఎలాగూ ఉండాలి.

పెట్టిన రోజు సాయంత్రమే టెన్షన్ మొదలైంది. లైట్లవైపు ఆర్‌సీసీబీ నిలబడదు. ఎత్తితే పడిపోతుంది. నాన్న "డబ్బులు పోసి చీకటి కొనుక్కున్నాం" అన్నారు. ఇలాంటప్పుడే చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా కలిపేస్తారట. ఆ రాత్రి నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. చిన్నాన్న రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఏది వేస్తే పడుతోందో కాగితం మీద రాసి ఉంచమన్నారు.

రాశాను. చిన్న బెడ్‌ల్యాంప్ ఒక్కటే వేస్తే పడదు. హాల్లో ఫ్యాను వేస్తే వెంటనే పడుతుంది. పడకగది ఫ్యాను వేసినా అంతే. వంటగది లైట్లు రెండు కలిపి వేస్తే పడుతుంది. అంటే ఒక ఫ్యానో ఒక లైటో పాడవలేదు. ఎంత లోడు వేస్తే అంతా తేడాగానే లెక్కలోకి వస్తోంది. చిన్నాన్న ఆ కాగితం చూడగానే "ఇన్వర్టర్ ఎక్కడుంది?" అని అడిగారు.

అదే. ఇన్వర్టర్‌కు కరెంటు మెయిన్ దగ్గరనుంచి, ఆర్‌సీసీబీకి ముందే తీసుకున్నారు. ఇన్వర్టర్ నుంచి లైట్లకు, ఫ్యాన్లకు ఫేజు వెళ్తోంది. వాటి న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీ తర్వాతి న్యూట్రల్ పట్టీకి తిరిగొస్తోంది. వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఇంకో దారి. ఆర్‌సీసీబీకి అదంతా లీకేజీలాగే కనిపిస్తుంది. బెడ్‌ల్యాంప్ తీసుకునే కరెంటు దాని హద్దులోపే కాబట్టి పడలేదు. ఇన్వర్టర్ ఇన్‌పుట్‌ను ఆర్‌సీసీబీ తర్వాతి లైనుకు మార్చగానే నిలబడింది.

రెండోవైపుది వేరే రకం. ఏమీ వేయకపోయినా అప్పుడప్పుడూ పడేది. వంటగదిలో ఫ్రిజ్జు ప్లగ్గు విప్పితే, ఎర్త్ పిన్నుకూ న్యూట్రల్‌కూ ఒక చిన్న వైరు ముక్క కలిపి ఉంది. ఎర్త్ తెగిపోయిన రోజుల్లో ఫ్రిజ్జు ముట్టుకుంటే చురుక్కుమంటోందని ఎవరినో పిలిస్తే అలా చేసి వెళ్లారు. చురుక్కుమనడం ఆగింది, మేమూ మర్చిపోయాం. చిన్నాన్నకు కోపం రావడం అప్పుడే చూశాను. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ ఒక్కటి తెగితే చాలు, ఆ ముక్క గుండా ఫ్రిజ్జు ఒళ్లంతా ఫేజు అయిపోతుంది. ఆ ముక్క కత్తిరించి, సరైన ఎర్త్ వైరు లాగారు.

చివరిది గీజరు. వేసిన నాలుగైదు నిమిషాలకు పడేది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక లీకయ్యేది. మెగ్గరుతో 500 వోల్టులిచ్చి కొలిస్తే కాయిలుకూ ఒంటికీ మధ్య ముల్లు సున్నా దగ్గరే ఉంది. కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలట. కాయిలు విప్పితే తెల్లటి పెచ్చు కట్టి, ఒకచోట పగిలి ఉంది. నేను ప్రతి పండక్కీ పిల్లలకు ఆ నీళ్లే పోశాను. ఆ కాయిలు చేతిలో పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

కాయిలు మార్చాం. మోటారు వైండింగ్ కాశీబుగ్గలో చేయించాం. ఏసీకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం లైను లాగి ఇరవై ఆంపియర్ల ఎంసీబీ పెట్టారు. మాడిన 1.5 వైరు లాగేసి, మేడగది లైట్లకు కొత్తది వేసి, పది ఆంపియర్లది మళ్లీ పెట్టారు. అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది.

ఆర్‌సీసీబీ కూడా అన్నిటినుంచీ కాపాడదని చిన్నాన్న గట్టిగా చెప్పారు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, కింద చెక్కబల్ల మీద నిలబడితే ఆర్‌సీసీబీకి ఆ మనిషి ఒక బల్బులాగే కనిపిస్తాడు. అందుకే బోర్డు విప్పాలంటే ముందు మెయిన్ దించాల్సిందే.

ఆర్‌సీసీబీ మీద టీ (T) అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే పడిపోవాలి, పడకపోతే అది పాడైనట్టు. నెలకోసారి నొక్కమన్నారు. ఊళ్లో పింఛన్లు పంచే ఒకటో తారీకున అమ్మ స్టూలేసుకుని రెండు బటన్లూ నొక్కి, నాకు ఫోన్ చేసి "పడినాయే, మళ్లీ ఎత్తీసినాను" అని చెప్తుంది. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యిలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయడం నాన్న పని. పక్కింటి పెద్దమ్మ వాళ్ల మోటారు కూడా మా మోటారు పెట్టిన ఏడాదిదే, వాళ్ల ఎర్త్ పైపు కూడా పడిపోయిన చెట్టు పక్కదే. వచ్చే ఆదివారం చిన్నాన్న ఎర్త్ టెస్టరు పట్టుకుని అక్కడికి వస్తానన్నారు. నేనూ వెళ్తున్నాను.